మూడో అంతస్తులో అన్నం

1963, సెప్టెంబరు చివర. కోపెన్‌హాగన్ నగరంలో, తమ పాస్టరుతో కలిసి మిషన్ సభలకు వచ్చిన నెల్లూరు వైపు వాళ్ళు దిగిన ఒక మధ్యరకం హోటల్, మూడో అంతస్తు గది. మంచం మీద జువ్వలదిన్నె మిషన్ బడి హెడ్మాస్టరు హెబ్రోను భార్య కరుణాకుమారి. తలుపు దగ్గర ఆయన అక్క, నెల్లూరులో నర్సు, ఎలిశబెతు.

"ముందు రెండు ముద్దలు తిను. తర్వాత మాట్లాడదాం."

"పొద్దున్నుంచి నీది ఇదే మాట, వదినా. ముందు ఆస్పత్రికి పోదాం. ఆయన్ని చూసొచ్చి తింటా."

"ఇప్పుడు చూడనియ్యరు."

"ఎప్పుడు చూడనిస్తారు?"

"సాయంత్రం."

"నిన్న సాయంత్రం అడిగితే పొద్దున అన్నావు. పొద్దున అడిగితే మధ్యాహ్నం అన్నావు. నువ్వు మటుకు రాత్రంతా ఆడ్నే ఉంటివే."

"నేను నర్సును. అందుకని ఉండనిచ్చినారు."

"నేను పెళ్ళాన్ని."

"ఈ ఊరి పద్ధతి అట్టా ఉండాది, కరుణా. మన నెల్లూరు ఆస్పత్రా, అన్నం గిన్నె చంకన పెట్టుకుని నేరుగా వార్డులోకి పొయ్యేదానికి? తిను. చల్లారిపోతా ఉండాది."

"ఈ అన్నం యాడిది?"

"ఆనందకుమారి చేయించింది. అబ్రహాము మాస్టరు భార్య. కింద వంటింట్లోకి పోయి, ఎసరు పెట్టడం, బియ్యం కడగడం, గంజి వార్చడం, అంతా గాల్లో చేసి చూపించిందంట. ఆ వంటమనిషి ఈమెకేదో పూనిందని భయపడి కుర్చీ వేసి కూర్చోబెట్టినాడంట."

"నవ్వించబాకు."

"నవ్వితే ఏం పోయింది?"

"నువ్వు నవ్వడం లేదు గదా."

"ఎండురొయ్యల పొడి కూడా ఉండాది. నీ పెట్టెలోదే. కలపనా?"

"ఆ పొడి డబ్బా మూత తీస్తే గది ఊడ్చే అమ్మాయి ముక్కు మూసుకుంటుంది. నిన్న ఆ పిల్ల మంచం కింద వంగి వంగి చూసింది, ఎలక చచ్చిందేమోనని."

"చూడనీ. వాళ్ళు పొద్దున్నే వెనిగర్లో పచ్చిచేప తింటా ఉంటే మనం ముక్కు మూసుకున్నామా?"

"ఆయన మూసుకున్నాడు. 'కరుణా, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినాం గానీ ఉడకని చేప నోట్లో పెట్టలేదే, ఈ సంగతి మన ఊరి మాలకొండయ్యకు చెప్తే వల అమ్మేసుకుంటాడు' అన్నాడు. మొన్న. ఆ భోజనాల బల్ల దగ్గర. జకరయ్య అయ్యగారు గుడ్డు పూర్తిగా ఉడికిందనుకుని పటక్కన కొడితే సొనంతా తెల్లబట్ట మీద పడిందే, అదే రోజు."

"ఆఁ. అదే రోజు."

"అదే రోజు మధ్యాహ్నం ఆ చర్చి గోపురం. ఎక్కబాకండి అని చెప్పినా. పైనుంచి చూస్తే ఊరంతా కనపడతాదంట, బడి పిల్లకాయలకు చెప్పాల అన్నాడు. సగం మెట్లలో రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు."

"ఎందుకు అదంతా మళ్ళీ?"

"నొప్పి తగ్గిందా ఆయనకు?"

"ఇప్పుడు నొప్పి లేదు."

"మాట్లాడినాడా?"

"రాత్రి మాట్లాడినాడు."

"ఏమన్నాడు?"

"నీ గురించే అడిగినాడు. తినిందా అని అడిగినాడు. అందుకే చెప్తా ఉండా, తిను."

"నువ్వు తెల్లారి వచ్చీ రావడంతోనే తలకు ఎందుకు పోసుకున్నావు? ఈ చలిలో?"

"ఆస్పత్రి వాసన."

"పెళ్ళయినప్పటి నుంచి చూస్తా ఉండా. ఆస్పత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేదానివి. ఏ రోజన్నా వాసన అన్నావా?"

"ఈడి మందుల వాసన వేరే."

"జుట్టు ఇంకా ఆరలేదు. జలుబు చేస్తాది. ఇట్టా రా, తుడుస్తా."

"వద్దులే. నేను తుడుచుకుంటా."

"కిటికీ అన్నా తెరువు. ఊపిరాడ్డం లేదు నాకు."

"దానికి రెండు వరసల తలుపులు, ఎన్ని గొళ్ళేలో. ఏది తిప్పితే ఏది వస్తాదో నాకు తెలవదు. మొన్న తమ్ముడు తెరిచినాడు."

"అయితే ఆయన వచ్చి తెరవాల్నా? నిన్నే అడగతా ఉండా."

"కింద ఎవరినన్నా పిలుస్తాలే."

"పిలవబాకు. కింద సంగతి నాకు తెలుసు. నువ్వు స్నానానికి పోయినప్పుడు నేను కిందికి పోయినా."

"పోయినావా? ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. ఆ ఇనప బోను ఎక్కినా. ఏ మీట నొక్కాలో తెలవక అన్నీ నొక్కినా. ఒక్కో అంతస్తులో ఆగింది. ఒక్కో అంతస్తులో ఒకే వరండా, ఒకే ఎర్ర తివాచీ, ఒకే తలుపులు. మన అంతస్తుకే మళ్ళీ మళ్ళీ వస్తా ఉండానేమో అనిపించింది."

"కరుణా, నాతో చెప్పి ఉంటే..."

"చెప్తే తినమంటావు. కింద బల్ల దగ్గర కూర్చునే ఆయన లేడా, కళ్ళద్దాలాయన, ఆయనతో హాస్పిటల్ అన్నా. నవ్వి, తలనొప్పా కడుపునొప్పా అని సైగ చేసినాడు. నేను కాదు కాదంటే, సొరుగు తీసి మాత్ర ఇచ్చినాడు. ఇదిగో."

"పారెయ్యి దాన్ని."

"విను. ఇట్టా కాదని మన గది తాళం చూపించినా. ఆ ఇత్తడి గుండు ఉండాదే, నంబరు వేసినది. అది చూసినాడు వదినా. నవ్వు ఆపేసినాడు. లేచి నిలబడినాడు."

"మర్యాదకి లేచి ఉంటాడు. ఆడమనిషి ఎదురుగా నిలబడి ఉంటే లేస్తారు వీళ్ళు."

"ముందు నుంచీ నేను ఎదురుగానే నిలబడి ఉండా."

"తర్వాత?"

"నా మోచెయ్యి పట్టుకుని, బోనులో ఎక్కించి, తనే మీట నొక్కి, ఈ తలుపు దాకా తెచ్చి వదిలిపెట్టినాడు. పెద్ద ముసలమ్మను తెచ్చినట్టు. నువ్వు స్నానం చేసి వచ్చినప్పటి నుంచి తాళం నీ దగ్గరే పెట్టుకున్నావు. అక్కర్లేదు వదినా. తలుపు తీసి పెట్టినా నేను యాడికి పోతా? ఆస్పత్రి పేరు తెలవదు. అది ఏ దిక్కున ఉండాదో తెలవదు. ట్రాములో ఎక్కితే ఏమని అడగాలో తెలవదు. వాకాడు రేవులో కళ్ళకు గంతలు కట్టి వదిలిపెట్టినా ఇంటికి చేరేదాన్ని. ఈడ మంచం దిగితే దారి లేదు."

"ఎవరో తలుపు కొడతా ఉండారు."

"తియ్యి. డాక్టరేమో."

"అయ్యగారూ... రండి."

"ఏమ్మా కరుణా. తిన్నావా తల్లీ?"

"మీరూ అదే అడగతా ఉండారా, జకరయ్య అయ్యగారూ? కూర్చోండి. ఆయన ఎట్టా ఉండాడు? మీరు పోయినారా పొద్దున?"

"పోయినానమ్మా."

"చూసినారా?"

"చూసినా."

"ఏం చెప్పినాడు?"

"ఎలిశబెతమ్మ చెప్పలేదా?"

"నేను చెప్తా ఉండా అయ్యగారూ. ముందు తినమంటా ఉండా. తినడం లేదు."

"తినాలి తల్లీ. తినాలి. నాలుగు మెతుకులన్నా. రా, ప్రార్థన చేసుకుందాం. దయగల తండ్రీ, ఈ పరదేశంలో, నా అనేవాళ్ళు లేని చోట, నీ కుమార్తెను నీ సన్నిధిలో పెడుతున్నాము. ప్రతి కన్నీటి బొట్టునూ తుడిచే దేవుడవు నీవే. ఈమెను ఆదరించు. ఈమెకు నీవే తోడు, నీవే నీడ. దీన్ని భరించే బలం దయచెయ్యి. యేసు నామంలో, ఆమేన్."

"ఆమేన్."

"ఆమేన్. అయ్యగారూ, ఆయన పేరు ఎత్తలేదే మీరు?"

"ఎత్తినానమ్మా."

"ఎత్తలేదు. స్వస్థత ఇమ్మని అడగలేదు. నిన్న రాత్రి ఈ గదిలోనే మోకాళ్ళ మీద అరగంట అడిగినారు. ఇవాళ అంతా నా గురించే అడిగినారు."

"ఇద్దరూ ఒకటే గదా తల్లీ."

"నన్ను తీసకపోండి అయ్యగారూ. ఇప్పుడు మీరు ఆస్పత్రికే గదా పోతా ఉండేది?"

"లేదమ్మా. కింద ఈ ఊరి సంఘ పెద్ద వస్తా ఉండాడు. ఆయనతో మాట్లాడాల. కొన్ని ఏర్పాట్లు..."

"ఏం ఏర్పాట్లు?"

"అదే, ఇక్కడ వాళ్ళకు... ఎలిశబెతమ్మా..."

"ఓడ టిక్కెట్ల ఏర్పాట్లు, కరుణా. తేదీ మార్చాల గదా. తమ్ముడు అట్టా ఉంటే మనం అనుకున్న రోజుకు ఎట్టా ఎక్కుతాం?"

"ఆఁ. టిక్కెట్లు. అదే తల్లీ."

"సంఘ పెద్ద ఓడ టిక్కెట్లు చూస్తాడా?"

"ఇక్కడ అంతా వాళ్ళే చూస్తారు. తిను తల్లీ."

"అయ్యగారూ, మీ టోపీ. మంచం మీద మరిచిపోయినారు."

"ఆఁ... తిను."

"తలుపు వేసినా. ఇంక కలుపుతా. చెయ్యి పట్టు."

"చూసినావా వదినా?"

"ఏంది?"

"ఏం లేదు. ఇందాక అబ్రహాము మాస్టరు వచ్చినాడే. ఏం మాట్లాడినాడు?"

"ఏం మాట్లాడతాడు పాపం. కూర్చున్నాడు. చలి ఎక్కువగా ఉండాది అన్నాడు."

"ఎట్టా పోయినాడు?"

"ఎట్టా పోతారు? లేచి పోయినాడు."

"ఆనందకుమారి?"

"అన్నం పెట్టి పోయింది. ఎందుకు ఈ ప్రశ్నలన్నీ? కోర్టులో మాదిరిగా."

"మనం జువ్వలదిన్నెలో బయల్దేరిన రోజు నీకు గుర్తుందా?"

"గుర్తు లేకేం. ఊరు ఊరంతా వచ్చినారు."

"మాలకొండయ్య బండి ఆపినాడు గుర్తుందా? ఆయన పుస్తకాల పెట్టె చూసుకుంటా, పరధ్యానంగా, 'పోతున్నా మాలకొండయ్యా' అన్నాడు. మాలకొండయ్య ఎద్దుల పగ్గం పట్టుకున్నాడు. 'అయివారూ, సముద్రం మీద పొయ్యేవోడు ఆ మాట అనగూడదు. మళ్ళీ చెప్పు' అన్నాడు. ఈయన నవ్వినాడు. 'మేము క్రైస్తవులం, మాకు అట్టాంటివి లేవు' అన్నాడు. 'సముద్రానికి నువ్వు ఏ గుడికి పోతావో ఎట్టా తెలుస్తాది? చెప్పు' అని పగ్గం వదల్లేదు."

"చెప్పినాడుగా."

"చెప్పినాడు. 'వెళ్ళొస్తా మాలకొండయ్యా' అని గట్టిగా చెప్పినాడు. అప్పుడు వదిలినాడు. ఆ తర్వాత దారి పొడుగునా ఆయనకు అదే తమాషా. బొంబాయిలో రైలు దిగి గార్డుకు వెళ్ళొస్తానన్నాడు. ఓడ దిగి కళాసీలకు వెళ్ళొస్తానన్నాడు. మొన్న ఆ చర్చి ముందర, మోత మంచం మీద పడుకోబెట్టి బండిలో ఎక్కిస్తా ఉంటే, నోరు సరిగ్గా పెగల్లేదు గానీ, నన్ను చూసి చెప్పినాడు. 'వెళ్ళొస్తా కరుణా.' నువ్వు పక్కనే ఉండావు."

"ఉండా."

"విన్నావు గదా?"

"విన్నా. తిను కరుణా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చెప్పిపోయినవాడు రావాల గదా?"

"నేను కిందికి పోయి వేడిపాలు తెస్తా. అన్నం దిగకపోతే పాలు తాగు."

"పో. కానీ చెప్పి పో."

"చెప్తా ఉండా గదా, పాలు తెస్తానని."

"ఆ మాట కాదు. వెళ్ళొస్తానని చెప్పి పో."

"ఏందిది చిన్నపిల్ల మాదిరిగా?"

"అబ్రహాము మాస్టరు చెప్పలేదు. ఆనందకుమారి చెప్పలేదు. గిన్నె పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, తల వంచుకుని పోయింది. ఆమె రోజూ గుమ్మం దగ్గర నిలబడి పది సార్లు చెప్పే మనిషి, వెళ్ళొస్తా వదినా, వెళ్ళొస్తానే అని. ఇప్పుడు అయ్యగారు. టోపీ కోసం వెనక్కి తిరిగినాడు. అప్పుడన్నా చెప్తాడేమో అని చూసినా. టోపీ తీసుకున్నాడు, పోయినాడు."

"మరిచిపోయినారేమో."

"ముగ్గురూనా?"

"దిగులుగా ఉండారు. ఈ దేశంలో..."

"మన దిక్కున ఆ మాట చెప్పకుండా లేచి పొయ్యేది ఒక్క ఇంట్లో నుంచే. ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ ఇంట్లో నోరు రాదు. నాకు తెలియనియ్యకూడదని కింద అందరూ కూడబలుక్కుని ఉంటారు. నవ్వుతా మాట్లాడాలి, టిక్కెట్లు అనాలి, సాయంత్రం అనాలి. అన్నీ అనుకున్నారు. ఆ ఒక్కటి అనుకోలేదు పాపం. ఇన్ని సముద్రాలు దాటినా లేచేటప్పుడు నోరు మూసుకుపోయింది వాళ్ళకు."

"కరుణా..."

"నేను తప్పు అనుకుంటా ఉండానేమో. ఆ గోపురం దగ్గర నుంచి నిద్ర లేదు, నాకు అన్నీ తప్పుగా తోస్తాయేమో. అందుకే నిన్ను అడగతా ఉండా. ఆయన గురించి నువ్వు అబద్ధం చెప్పలేవు. ఇందాకటి నుంచి చూస్తా ఉండా, నొప్పి లేదంటివి, రాత్రి మాట్లాడినాడంటివి, ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఆ తలుపు దగ్గర నిలబడి వెళ్ళొస్తానని చెప్పు వదినా. చెప్తే ఇంక నిన్ను ఏమీ అడగను. సాయంత్రం దాకా కాదు, వారం దాకా ఈ మంచం మీదే కూర్చుంటా. చెప్పు."

"పాలు... పాలు తర్వాత తెస్తాలే."

"..."

"కరుణా. కరుణా, ఇట్టా చూడు."

"ఆ గిన్నె ఇట్టా ఇయ్యి."

"తింటావా?"

"తింటా. పొడి కలుపు. నెయ్యి లేదు గదా. వెన్న వేసినారే ఇందులో?"

"వాళ్ళకు తెలవదు. అన్నమంటే వెన్న వెయ్యాలనుకున్నారు."

"బాగానే ఉండాది. కూర్చో. నేను తింటా ఉంటే నిలబడి చూడబాకు."

"మెల్లగా తిను. నీళ్ళు తాగు మధ్యలో."

"నీకు మా నాయన సంగతి చెప్పినానా?"

"జ్ఞానప్రకాశం గారా? స్వర్ణముఖిలో వరదకు..."

"ఆఁ. వాకాడు అవతల ఆదివారం కూటానికి పోయినాడు. వచ్చేటప్పుడు ఏరు వచ్చింది. పొద్దు వాలేటప్పటికి పక్కింటి పేరమ్మ నన్ను దొడ్లోకి పిలిచి చెప్పింది. నేను గౌను మీద ఉండేదాన్ని, ఓణీ కూడా వెయ్యలేదు. ఏడవబోతే నా నోరు మూసింది. 'ముందు మీ అమ్మకు అన్నం పెట్టు, తర్వాత చెప్పచ్చు. తెలిసినాక ఆమె ఎన్ని రోజులు ముద్ద ముట్టదో' అనింది."

"పెట్టినావా?"

"పెట్టినా. పప్పుచారు, కాల్చిన ఎండుచేప. అమ్మ ఎదురుగా కూర్చుని, వేసుకోమ్మా, ఇంకొంచెం వేసుకోమ్మా అంటా ఉండా. నీ మాదిరిగానే. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క మెతుకు వదల్లేదు. లేచి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, 'ఇంక చెప్పు' అనింది."

"ఆమెకు ముందే తెలుసా?"

"తెలవదనే ఇన్నేళ్ళూ అనుకున్నా. నేను బాగా దాచినానని కూడా అనుకున్నా. ఇవాళ తెలిసింది."

"ఏడువు కరుణా. ఏడువు. దిగమింగబాకు."

"ఇదిగో, నా వంతు అయిపోయింది. మిగతాది నీది."

"నాకొద్దు."

"రాత్రి నుంచి నువ్వు ఏం తిన్నావు?"

"నాకు ఆకలి లేదు."

"నేను ఆస్పత్రికి పోతానని ఏడిస్తే నన్ను పట్టుకుని కూర్చునేదానికి నువ్వు ఉండావు. నీకు ఎవరుండారు? తెల్లారే దాకా ఒక్కదానివే ఆడ కూర్చుని, ఒక్కదానివే తలకు పోసుకుని, తడిజుట్టుతో వచ్చి నాకు అన్నం కలుపుతా ఉండావు. ఎత్తుకుని పెంచిన తమ్ముడు గదా నీకు."

"వద్దు కరుణా. ఇంక మాట్లాడబాకు. నా వల్ల కాదు."

"అందుకే. ఆ మాట నువ్వు చెప్పక్కర్లేదు. ఇట్టా దగ్గరికి జరుగు. నోరు తెరువు. రెండు ముద్దలు తిను వదినా... తిన్నాక నేనే చెప్తా నీకు, తమ్ముడు లేడని."